బేరింగ్ సరిగ్గానే ఉంది, మనిషే తప్పిపోయాడు

"క్లాసులో గ్రిడ్ రిఫరెన్సు (మ్యాప్ మీద చోటు చెప్పే అంకెలు) అడిగితే చెబుతాను, బేరింగ్ (ఉత్తరం నుంచి కుడికి కొలిచే దిక్కు కోణం) తీయమంటే తీస్తాను. మ్యాప్, కంపాస్ చేతికిచ్చి కొండల్లో వదిలితే మాత్రం రెండో పాయింటుకే తప్పిపోతున్నాను. రాత్రి నడకలో రెండుసార్లు ఫెయిలయ్యాను. ఎక్కడ పొరపాటు? మొదటి నుంచి చెప్పగలరా? ప్రాక్టీసుకి ఏ కంపాస్ కొనాలి?" ఇదీ మీరు అడిగింది.

సైన్యంలో చాలా ఏళ్లు మ్యాప్ రీడింగ్ నేర్పాను. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మీలాంటివాళ్లే. లెక్కల్లో గట్టివాళ్లు, నేల మీద గల్లంతయ్యేవాళ్లు. మీరు మ్యాప్ ఎప్పుడు తీస్తున్నారో గుర్తు చేసుకోండి. "నేనిప్పుడు ఎక్కడున్నాను" అన్న అనుమానం వచ్చాక తీస్తున్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. దాన్ని తీయాల్సింది అడుగు వేయకముందు, "ఇక నాకేం కనబడబోతోంది" అని అడగడానికి. ముందు మ్యాప్ చెప్పాలి, తర్వాత నేల ఔననాలి. నేల కాదంటే అక్కడే ఆగాలి. కింద రాసిన గ్రిడ్లూ, కాంటూర్లూ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు), బేరింగులూ అన్నీ ఈ ఒక్క పనికి కావాల్సిన సామాను.

షీటు అంచుల నుంచి మొదలుపెట్టండి. అందరూ దాటేసేది అక్కడే. స్కేలు, కాంటూరు ఇంటర్వెల్ (రెండు కాంటూర్ల మధ్య ఎత్తు తేడా), సర్వే చేసిన ఏడాది, డేటమ్ (కొలతలకి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా), ఉత్తర దిక్కుల మధ్య తేడా అన్నీ అంచులోనే అచ్చయి ఉంటాయి. 1:50,000 అంటే మ్యాప్ మీద 2 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. అంటే మిల్లీమీటరుకి 50 మీటర్లు. 1:25,000 అయితే కిలోమీటరుకి 4 సెంటీమీటర్లు. ఈ మిల్లీమీటరు లెక్క బుర్రలో ఉంటే ఇంకో సంగతి కూడా బోధపడుతుంది. మ్యాప్ మీద రోడ్డు గీత మిల్లీమీటరు మందం ఉంది కదా అని ఆ రోడ్డు 50 మీటర్ల వెడల్పు ఉండదు. కంటికి ఆనాలని లావుగా గీస్తారు. రోడ్డు, రైలు పట్టాలు, కాలువ పక్కపక్కనే సాగుతుంటే మూడు గీతలకీ చోటు చాలక ఒకదాన్ని కాస్త పక్కకి జరుపుతారు కూడా. అందుకే రోడ్డు అంచు నుంచి 30 మీటర్లు అని మ్యాప్ మీద కొలిచి చెప్పేవాడి మాట నేను నమ్మను.

సర్వే పాతదైతే బాటలు, ఇళ్లు, అడవి అంచులు మారిపోయి ఉండొచ్చు. కొండ, లోయ ఎక్కడికీ పోవు. దారి తేల్చుకోవాల్సింది వాటిని బట్టే.

గ్రిడ్ మీకు వచ్చు కాబట్టి త్వరగా దాటేస్తాను. ముందు అడ్డంగా కుడికి, తర్వాత నిలువుగా పైకి. అంటే ముందు ఈస్టింగ్, తర్వాత నార్తింగ్. నిలువు గీత 45, అడ్డగీత 78 కలిసే మూల నుంచి మొదలయ్యే చదరంలో, కుడికి పదిలో ఆరు భాగాలు, పైకి పదిలో మూడు భాగాలు వెళితే 456783. ఇది చుక్క కాదని గుర్తుంచుకోండి. ఆరంకెల రిఫరెన్సు చెప్పేది 100 మీటర్ల చదరాన్ని, దాని నైరుతి మూల నుంచి. ఎనిమిదంకెలైతే 10 మీటర్ల చదరం. అందుకే ఆరున్నర భాగాలున్నా ఆరే రాయాలి, పైకి సవరించకూడదు. అంకెలు తారుమారై 783456 అని రేడియోలో చెబితే పాయింటు 32.7 కిలోమీటర్లు తూర్పుకీ, అంతే దూరం దక్షిణానికీ పోతుంది. అంత దూరం తప్పితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుబడనిది చివరి అంకె తప్పే. ఇంకొకటి, ఈ ఆరంకెలు ప్రతి 100 కిలోమీటర్లకీ మళ్లీ వస్తాయి. ఎంజీఆర్ఎస్ అనే సైనిక గ్రిడ్ పద్ధతిలో ముందు జోన్ నంబరు, బ్యాండ్ అక్షరం, 100 కిలోమీటర్ల చదరానికి రెండక్షరాలు పెట్టేది అందుకే. చేతిలో జీపీఎస్ ఉంటే దాని డేటమ్, మ్యాప్ డేటమ్ ఒకటేనా అని చూసుకోండి. వేరైతే రెండూ "సరైన" అంకెలే చూపిస్తూ మిమ్మల్ని కొన్ని వందల మీటర్ల దూరం దాకా తప్పించగలవు.

ఇక కాంటూర్లు. మీరు ఫెయిలవుతున్నది ఇక్కడేనని నా అనుమానం.

ఒక పని చేయండి. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి, కణుపులు పైకి ఉండేలా బల్ల మీద ఆనించండి. బాల్‌పెన్నుతో ఒక్కో కణుపు చుట్టూ చిన్న వలయం గీయండి. ఇంకాస్త కిందగా, అదే ఎత్తులో, నాలుగు కణుపుల్నీ చుట్టి వచ్చేలా ఇంకో గీత. దానికింద మరొకటి. వేళ్ల మీదికి వచ్చినప్పుడు గీత బయటకి పొంగుతుంది, వేళ్ల సందుల్లోకి వచ్చినప్పుడు లోపలికి దూరుతుంది. కణుపులు శిఖరాలు. కణుపుల మధ్య పల్లం శాడిల్. కిందికి దిగే వేళ్లు స్పర్లు. సందులు రీఎంట్రెంట్లు, అంటే కొండలోకి చొచ్చుకొచ్చిన చిన్న లోయలు. ఇప్పుడు పిడికిలి విప్పి చెయ్యి చాపండి. చర్మం మీద మిగిలిన ఆ వంకర గీతలే మ్యాప్. మళ్లీ ముడవండి, కొండ లేస్తుంది. పది రోజులు రోజూ ఇలా ముడిచి విప్పితే ఏ పుస్తకం చదవక్కర్లేదు.

స్పర్‌కీ రీఎంట్రెంట్‌కీ గీతల ఆకారం ఒకటే కావడంతో చాలామంది పల్టీ కొట్టేస్తారు. తేడా చెప్పేది ఎత్తు ఒక్కటే. వంపు మొన పల్లం వైపు పొడుచుకొస్తే స్పర్, ఎత్తు వైపు పొడుచుకొస్తే రీఎంట్రెంట్. నీలం గీత కనబడితే అది లోయే, నీళ్లు స్పర్ నెత్తిమీద పారవు. సాధారణంగా ప్రతి ఐదో కాంటూరునీ లావుగా గీసి దాని మీద ఎత్తు రాస్తారు. చాలా షీట్లలో ఆ అంకెల తల ఎగువ వైపు ఉంటుంది.

గీతలు దగ్గరైతే వాలు నిటారు, దూరమైతే మెల్లని వాలు. ఇది అందరికీ తెలుసు. సిపాయికి అసలు కావాల్సింది ఆ దగ్గరా దూరం ఏ వరసలో ఉందన్నది. పైన గీతలు దూరదూరంగా, కింద దగ్గరదగ్గరగా ఉంటే వాలు కడుపు ఉబ్బినట్టు బయటకి వంగి ఉంది. పైన నిలబడితే కింది పాదం కనబడదు. అక్కడ నక్కినవాడు మీకు కనబడడు, మీ తూటా వాడికి తగలదు. డెడ్ గ్రౌండ్ అంటారు దాన్ని. పైన దగ్గరగా, కింద దూరంగా ఉంటే వాలు లోపలికి లొంగి ఉంది. పైనుంచి చూస్తే మొత్తం కనబడుతుంది. ఒకే ఎత్తున్న రెండు కొండల్లో ఏది పట్టుకోవాలో ఈ తేడాయే చెబుతుంది.

కాంటూరు ఇంటర్వెల్ 20 మీటర్లైతే, రెండు గీతల మధ్య ఇరుక్కున్న 15 మీటర్ల గుట్ట మ్యాప్‌లో ఉండనే ఉండదు. ఈ వాక్యం రాయగానే నాకొక రాత్రి గుర్తొస్తుంది.

అప్పటికి సర్వీసులో కొత్త. ఒక చిన్న దళాన్ని రిడ్జ్ (కొండ వెన్ను) మీదుగా ఉత్తరానికి నడిపించి, కుడివైపు దిగే మూడో స్పర్ మీదుగా కిందికి దించాలి. మ్యాప్‌లో రెండో స్పర్‌కీ మూడో స్పర్‌కీ మధ్య వాగుంది. అంటే మూడో స్పర్ దిగేటప్పుడు వాగు మా కుడిచేతి వైపు వినబడాలి. చీకట్లో కాళ్లతో స్పర్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఒకటి, రెండు, మూడు. దిగాం. కాసేపటికి వెనకాల ఒక కుర్రాడు మెల్లగా అన్నాడు, "సార్, నీళ్ల చప్పుడు ఎడమ నుంచి వస్తోంది." నేనేమన్నానో తెలుసా? "వాగు కింద మెలిక తిరిగి ఉంటుంది, నడువు." తెల్లారాక చూస్తే రెండో స్పర్ మీదున్నాం. దారిలో నేను స్పర్ అనుకుని లెక్కపెట్టినదాంట్లో ఒకటి ఆ ఇంటర్వెల్‌లో మాయమైన గుట్టే. బేరింగ్ ఒక్క డిగ్రీ కూడా తప్పలేదు. రెండు కిలోమీటర్లు అదనంగా నడిచాం, చేరాల్సిన వేళ దాటిపోయింది.

గుట్టని లెక్కపెట్టడం పెద్ద తప్పు కాదు, చీకట్లో ఎవరికైనా జరుగుతుంది. లేని మెలికని వాగుకి కట్టబెట్టడం తప్పు. మనసు ఒకసారి "ఇదే చోటు" అనుకుందంటే, కనబడ్డ ప్రతిదాన్నీ దానికి సరిపెట్టేస్తుంది. మ్యాప్‌లో లేని బాట కనబడితే "కొత్తగా వేసుంటారు", ఉండాల్సిన చెరువు లేకపోతే "ఎండిపోయుంటుంది". నిజంగానే కొత్త బాట కావచ్చు. కానీ ఇలాంటి సర్దుబాటు ఒకే నడకలో రెండోసారి చేయాల్సి వచ్చిందంటే మీరు తప్పిపోయినట్టే. మీ రెండు ఫెయిల్యూర్లనీ ఈ కోణంలో గుర్తు చేసుకుని చూడండి.

కంపాస్ దగ్గరికి వద్దాం. ఉత్తరాలు మూడు. ధ్రువం వైపు చూపేది అసలు ఉత్తరం, మ్యాప్ నిలువు గీతలు చూపేది గ్రిడ్ ఉత్తరం, ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరం. నడకలో మీకు పని చివరి రెండింటితోనే. అయస్కాంత ఉత్తరం గ్రిడ్ ఉత్తరానికి 6 డిగ్రీలు పడమరగా ఉందనుకోండి. మ్యాప్ మీద ప్రొట్రాక్టరుతో తీసిన 72కి 6 కలిపి కంపాస్‌లో 78 పెట్టాలి. తేడా తూర్పుకి ఉంటే తీసేసి 66 పెట్టాలి. కలపాల్సిన చోట తీసేస్తే తప్పు 6 కాదు, 12 డిగ్రీలు. మూడు కిలోమీటర్లు నడిచేసరికి 600 మీటర్లకు పైగా పక్కన తేలతారు. చిట్కా పద్యాలు కంఠస్థం చేయడం కన్నా, షీటు అంచున ఉన్న ఉత్తరాల బొమ్మ పక్కనే మీ బేరింగ్ గీసి, కోణం ఏ ఉత్తరం నుంచి పెద్దదో కళ్లతో చూడటం మేలు. ఈ తేడా ఏటేటా మారుతుంది కూడా. ఏడాదికి 3 నిమిషాల చొప్పున అని రాసి ఉంటే, 30 ఏళ్ల పాత షీటు మీద అది ఒకటిన్నర డిగ్రీ.

కొన్ని కంపాస్‌లలో డిగ్రీల బదులు మిల్స్ ఉంటాయి. నాటో సైన్యాల్లో చుట్టు తిరిగితే 6400, సోవియట్ పద్ధతిలో 6000. మిల్‌తో సుఖమేమిటంటే, కిలోమీటరు దూరంలో ఒక మిల్ దాదాపు ఒక మీటరు. ఫిరంగివాళ్లకి అదంటే అంత ఇష్టం అందుకే. డిగ్రీలో చెప్పాలంటే కిలోమీటరుకి డిగ్రీ తప్పు 17 మీటర్ల పైచిలుకు.

ఇనుము దగ్గర ముల్లు అబద్ధమాడుతుంది. రైఫిలుకీ స్టీలు హెల్మెట్‌కీ అర మీటరు, ముళ్లకంచెకి 10 మీటర్లు, ట్రక్కుకీ ట్యాంకుకీ 18, హైటెన్షన్ తీగలకి 55 మీటర్ల దూరం పాటించమని అమెరికన్ మాన్యువల్ చెబుతుంది. ట్రక్కు బానెట్ మీద మ్యాప్ పరిచి, దాని మీదే కంపాస్ పెట్టి సీరియస్‌గా బేరింగ్ తీసేవాళ్లని ఎంతమందిని చూశానో. మొబైల్ ఫోన్‌ని కూడా కంపాస్ ఉన్న జేబులో పెట్టకండి.

నడకలో మ్యాప్‌ని నేలతో పాటు తిప్పి పట్టుకోండి. అక్షరాలు తలకిందులైనా ఫరవాలేదు. మీ కుడివైపు కొండ మ్యాప్ మీద కూడా కుడివైపే ఉండాలి. బొటనవేలు మీరున్న చోట ఉంచి, సాగేకొద్దీ జరుపుకుంటూ పోండి. దారిని ఒకే సూటి గీతగా గీసుకోవద్దు. ముక్కలు చేయండి. వాగు, రిడ్జ్, కంచె లాంటిది మీ దారి వెంబడే సాగుతుంటే చెయ్యి పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని నడవండి. గమ్యం చిన్నదైతే, దానికి రెండుమూడు వందల మీటర్ల ఇవతల తప్పిపోలేని గుర్తు ఒకటి ఎంచుకుని ముందు అక్కడికి చేరండి. కంపాస్ అవసరం అక్కడి నుంచే. గమ్యానికి అవతల కూడా ఒక గుర్తు పెట్టుకోండి, అది తగిలిందంటే దాటేశామని తెలుస్తుంది.

సూటిగా గురిపెట్టకపోవడం కూడా ఒక విద్య. రెండు కిలోమీటర్ల దూరంలో వాగు మీద వంతెన ఉందనుకోండి. నేరుగా వంతెనకే బేరింగ్ పెడితే, వాగు తగిలాక వంతెన కనబడకపోతే కుడికి వెళ్లాలా ఎడమకా తెలీదు. కావాలనే 5 డిగ్రీలు ఎడమకి పెట్టండి. వంతెనకి దాదాపు 175 మీటర్లు ఎడమగా వాగుకి తగులుతారు. అక్కడి నుంచి కళ్లు మూసుకుని కుడికి తిరగొచ్చు.

దూరం కాళ్లతో కొలుస్తాం. కొలిచిన 100 మీటర్ల మీద ఎడమ కాలు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టుకోండి. చాలామందికి 60 నుంచి 70 మధ్య వస్తుంది. 65 వస్తే 800 మీటర్లకి 520. అది చదును నేల మీద, పగలు, ఖాళీ వీపుతో వచ్చిన లెక్క. బరువుతో, ఎగువకి, చీకట్లో విడివిడిగా కొలిచి రాసుకోండి, అంకె పెరుగుతుంది. ప్రతి 100 మీటర్లకీ ఒక గులకరాయి ఈ జేబులోంచి ఆ జేబులోకి. బుర్రని నమ్ముకోవద్దు, మూడొందలు దాటాక ఎవడో ఒకడు ఏదో అడుగుతాడు. వేళకి స్కాటిష్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. నేటి కొలతల్లో గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 100 మీటర్లకీ అదనంగా 10 నిమిషాలు. 4 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు అంటే 48కి 30 కలిపి 78 నిమిషాలు. ప్యాకుతో, దళంతో వెళ్తే దీనికన్నా ఎక్కువే పడుతుంది.

రాత్రి రెండు సంగతులు మారతాయి. ఎర్ర లైటు కింద మామూలు గోధుమరంగు కాంటూర్లు మాయమైపోవచ్చు. కొన్ని సైనిక మ్యాపుల్లో వాటిని ఎర్ర లైటులోనూ కనబడే రంగులో అచ్చేసేది అందుకే. మీ షీటు ఏదో ముందే లైటు వేసి చూసుకోండి. చీకట్లో దూరపు గుర్తు దొరకదు కాబట్టి ఒక మనిషిని కనబడేంత దూరం ముందుకి పంపి, కుడీ ఎడమా సర్ది బేరింగ్ మీద నిలబెట్టి, అతని దగ్గరికి చేరాలి. మెల్లగా సాగుతుంది, కానీ తప్పదు. దారిలో గుంటో బురదో అడ్డొస్తే 90 డిగ్రీలు పక్కకి తిరిగి అడుగులు లెక్కపెట్టండి. తర్వాత అసలు బేరింగ్ మీద దాటండి, మళ్లీ అన్నే అడుగులు వెనక్కి రండి. పక్కకి వేసిన అడుగులు దూరంలో కలపకూడదు.

తప్పిపోతే ఆగండి. చివరిసారి ఖాయంగా తెలిసిన చోటు నుంచి ఎన్ని నిమిషాలైంది, ఎంత దూరం రాగలరు అని చూసుకుంటే వలయం చిన్నదవుతుంది. కనబడేవి ఉంటే రిసెక్షన్ చేయండి, అంటే వాటి నుంచి వెనక్కి గీతలు గీసి మీరున్న చోటు పట్టండి. పైన చెప్పిన ఆ తెల్లవారుజామున నేను చేసిందదే. మ్యాప్‌లో గుర్తుపట్టగలిగిన ఒక శిఖరానికి కంపాస్ 48 చూపింది. కంపాస్ నుంచి మ్యాప్‌కి వస్తున్నాం కాబట్టి పడమర తేడా 6 తీసేస్తే గ్రిడ్ 42, దానికి 180 కలిపితే బ్యాక్ బేరింగ్ (శిఖరం నుంచి మా వైపు దిక్కు) 222. రెండో శిఖరం 136, గ్రిడ్‌లో 130, బ్యాక్ బేరింగ్ 310. ఆ శిఖరాల నుంచి ఆ బేరింగుల మీద గీతలు గీస్తే కలిసిన చోటు మేమున్న చోటు. 180 దాటితే కలపడం కాదు, తీసేయాలి. రెండు గీతల మధ్య కోణం 90కి దగ్గరగా ఉంటే మంచిది, మరీ సన్నమైతే కలిసే చోటు సాగిపోతుంది. మూడో గుర్తు దొరికితే చిన్న త్రికోణం వస్తుంది, అందులోనో దాని దగ్గర్లోనో ఉంటారు. వాగు ఒడ్డునే నిలబడి ఉంటే ఒక్క శిఖరం చాలు.

పరీక్ష ముందు రాత్రి ప్రతి ముక్కకీ ఒక చీటీ రాసుకోండి. నేను రాయించేది ఇలా ఉంటుంది: "బాట మలుపు నుంచి. కంపాస్ 78. 800 మీటర్లు, 520 అడుగులు. వాగు కుడివైపు వినబడుతూనే ఉండాలి. మొదటి 500 మీటర్లు మెల్లని ఎక్కుడు, తర్వాత నిటారు. నిటారు మొదలయ్యేచోట ఎడమవైపు రీఎంట్రెంట్. అడ్డబాట తగిలితే 100 మీటర్లు ఎక్కువొచ్చాం." ఆ చీటీని గట్టిగా చదివి తోడున్నవాడి చేతికివ్వండి, నడిచేటప్పుడు తప్పు పట్టే పని అతనిది. వాగు ఎడమ నుంచి వినబడుతోందని అతనంటే, ఎందుకో చెప్పబోకండి. అక్కడే ఆగి మ్యాప్ తీయండి.

కంపాస్ సంగతి. ప్రాక్టీసుకి ప్రిస్మాటిక్ (పట్టకంలోంచి చూస్తూ అంకె చదివే కంపాస్) అక్కర్లేదు. ద్రవం నిండిన, పారదర్శకమైన పలక ఉన్న మామూలు కంపాస్ చాలు, డయల్ మీద 2 డిగ్రీల గీతలుంటే సరి. కొనేముందు అలాంటివే నాలుగైదు దూరదూరంగా పెట్టి చూడండి, ఒకటి మిగతావాటితో ఏకీభవించకపోతే దాన్ని పక్కన పెట్టండి.